చెవితో నడిపిన కారు

నడుముకు ఆపరేషన్ జరిగిన తొమ్మిదో రోజు ఉదయం, మేడమీద గదిలో కిటికీ పక్కన వెల్లకిలా పడుకుని, కింద షెడ్డులో నా కారు స్టార్టు కాకపోవటాన్ని విన్నాను. మొదటిసారి స్టార్టరు మూలిగింది. రెండోసారి దగ్గింది. మూడోసారి ఒక నిట్టూర్పు విడిచి ఊరుకుంది. వాన వెలిసిన గాలిలో పెట్రోలు వాసన మేడమీదికి వచ్చింది.

"చోక్ లాగావా?" అని అరిచాను. ఆ అరుపుకు కుట్లు చురుక్కుమన్నాయి.

"ఏది, ఈ నల్ల బొడిపేనా?" కిందినుంచి మా ఆవిడ గొంతు.

"నల్లది లైట్లది. దాని పక్కన అరిగిపోయి తెల్లబడ్డది ఒకటుంటుంది, చూడు."

"ఇందులో అరిగిపోనిది ఏదో చెప్పండి, వెతకటం తేలిక."

నాకు సాయం చేయటానికి వచ్చిన మా అక్క మంచం పక్కన కూర్చుని నా చొక్కాకు గుండీ కుడుతోంది. సూది ఆపకుండానే అంది: "ఒరేయ్, డాక్టరు నిన్ను లేవొద్దన్నాడు, వంగొద్దన్నాడు, బరువెత్తొద్దన్నాడు. అరవొద్దని చెప్పటం మరిచిపోయాడు పాపం. చిన్నప్పుడూ అంతే నువ్వు. ముద్ద దిగాలంటే కిటికీ దగ్గర కూర్చోబెట్టి పోయే బండినల్లా చూపించాలి. బస్సొస్తే ఒక ముద్ద, లారీ వస్తే రెండు."

నాలుగోసారికి ఇంజను అందుకుంది. తడబడి, గొంతు సవరించుకుని, నిలదొక్కుకుంది. నేను కళ్ళు మూసుకున్నాను.

"రెండు నిమిషాలు అలాగే ఉండనీ! యాక్సిలేటరు తొక్కకు!"

"తొక్కటం లేదు. ఊరికే దానిమీద కాలు పెట్టి కూర్చున్నాను."

ఆ మాటకు నేను తల గోడవైపు తిప్పుకున్నాను. నా కుడిపాదం దుప్పటి కింద ఉంది. అది ఉందని తెలుసుకోవటానికి నేను దుప్పటి ఎత్తి చూడాలి.

ఎముక నరాన్ని చాలాకాలం నొక్కి ఉంచిందనీ, నొప్పి పోయినా పాదానికి స్పర్శ రావటం ఆలస్యం కావచ్చుననీ, ఒక్కొక్కప్పుడు రాకపోవచ్చుననీ డాక్టరు ముందే చెప్పాడు. ఇంటికి పంపే రోజున నా కాలివేళ్ళు నొక్కి, "తెలుస్తోందా?" అన్నాడు. "తెలుస్తోంది" అన్నాను. "మంచిది. ఎనిమిది వారాల తర్వాత చూసి కారు సంగతి చెబుతాను. పాదం మొద్దుబారి ఉంటే మాత్రం ఆ ఆశ వదులుకోవాలి" అన్నాడాయన. ఆ చివరి వాక్యం వినకముందే నేను అబద్ధం చెప్పేశాను. అంటే అది భయంవల్ల వచ్చింది కాదు. మరి ఎక్కడినుంచి వచ్చిందో ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు సరిగా తెలియదు.

తూనికలూ కొలతలూ తనిఖీ చేయటం నా ఉద్యోగం. కిలో గుండు అడుగున తొలిచి సీసం తీసేసి మైనం నింపే వర్తకులను ఇరవై రెండేళ్ళు పట్టుకున్నాను. వాళ్ళలో ఒక్కడు కూడా తనను దొంగ అనుకోలేదు. "కొంచెమే గదా సార్" అనేవాళ్ళు. దుప్పటి కింద పాదం గురించి నేను అనుకున్నదీ అదే. కొంచెమే గదా, వచ్చేస్తుంది గదా.

ఆ కారు ఇప్పుడు లేదు. అప్పటికే దాని వయసు ఇరవై ఏడేళ్ళు. దానిని విప్పటం, బిగించటం, వినటం నాకు నేర్పినవాడు మా మెకానిక్కు. అందరూ మేస్త్రి అని పిలిచేవాళ్ళు. ఇంజనులో జబ్బు ఎక్కడుందో తెలుసుకోవటానికి అతను ఒక పొడవాటి స్క్రూడ్రైవరు కొసను లోహం మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకునేవాడు. "కళ్ళు మూసుకో సార్, కళ్ళుంటే చెవి బద్ధకిస్తుంది" అనేవాడు. పదిహేనేళ్ళు అలా విన్న మీదట ఇంజను ఎంత వేడెక్కిందో, వాల్వు ఎంత వదులైందో, పెట్రోలులో నీళ్ళు కలిశాయో లేదో గదిలో పడుకునే చెప్పగలిగేవాణ్ణి. ఇప్పుడు మా వీధిలో తిరిగే కార్లకు చప్పుడే లేదు. పక్కకు వచ్చి నిలబడేదాకా వాటి ఉనికి తెలియదు. అవి మంచి కార్లే కావచ్చు. కానీ వాటితో నాకు మాటల్లేవు.

మా ఆవిడ బడిలో లెక్కలు చెబుతుంది. పంతొమ్మిదేళ్ళుగా ఆ కారులో పక్కసీటు ఆమెది. ఎన్నడూ స్టీరింగు అడగలేదు, నేనూ ఇవ్వలేదు. ఆమె అడగకపోవటాన్ని అక్కర లేకపోవటంగా చదువుకున్నాను. బండిని రెండురోజులకొకసారి స్టార్టు చేయకపోతే బ్యాటరీ చచ్చిపోతుందని ఆసుపత్రి మంచం మీదినుంచి నేను గొణిగినప్పుడు, "నేను చేస్తాలెండి, అదేమన్నా పులా" అని తాళం తీసుకుంది. అలా మొదలైంది.

*

నాలుగో వారంలో ఒక ఉదయం, ఇంజను చప్పుడు ఉన్నచోట ఉండలేదు.

ముందు రివర్సు గేరు సన్నటి కూత. తర్వాత గేటు బద్ద లాగిన చప్పుడు. మొదటి గేరు. వీధి మలుపు దగ్గర ఇంజను అరిచి అరిచి, అయ్యో అనిపించేంత ఆలస్యంగా రెండో గేరు. ఆపైన చప్పుడు సన్నబడి, రొట్టెల బట్టీ దాటాక వినిపించలేదు. నేను గోడ గడియారం చూస్తూ పడుకున్నాను. పదకొండు నిమిషాలకు మళ్ళీ వచ్చింది.

"అక్కా, కారు ఎవరు నడుపుతున్నారు?"

"ఏ కారు?"

"మనింట్లో ఎన్నున్నాయి?"

"అది షెడ్డులో ఉంది గదరా."

"అయితే షెడ్డు వీధి చివరిదాకా వెళ్ళొచ్చిందా?"

"మందులు వేసుకున్నావు, అలాగే ఉంటుంది. పడుకో" అంది అక్క, తలుపు దగ్గరగా వేస్తూ.

కాసేపటికి మా ఆవిడ టీ తెచ్చింది. వేళ్ళకు గ్రీజు వాసన, మొహంలో ఏదో కొత్త వెలుగు. పరీక్ష రాసి వచ్చిన పిల్లలా ఉంది.

"స్టార్టు చేశావా?"

"చేశాను. పది నిమిషాలు ఉంచాను."

"కదిలించలేదు గదా?"

"షెడ్డులోనే ఉంది" అంది. లెక్కల టీచరు జవాబు. తప్పు పట్టటానికి వీల్లేదు.

మర్నాడు మళ్ళీ, ఆ మర్నాడు మళ్ళీ. రెండురోజులకొకసారి చేయవలసిన పని రోజూ జరుగుతోందని నేను అనలేదు. ఆమెకు నేర్పటానికి వీధి మలుపులో మేస్త్రి ఎక్కుతున్నాడని తలుపు చప్పుడునుబట్టి తెలిసింది. ఆ తలుపును అంత మెల్లగా వేసేవాడు అతనొక్కడే. మొదటి వారం ఆమె గేరు మార్చినప్పుడల్లా నా పళ్ళు జివ్వుమనేవి. ఇంకొకరు నా చెయ్యి పట్టుకుని నా సంతకం పెడుతున్నట్టుండేది. నేను పడుకుని ఉండగా లోకం సాగిపోతుందని అనేక పుస్తకాల్లో చదివి, తల ఊపి, గీతలు గీసుకున్నవాణ్ణే. ఆ లోకం నా కారులో సాగిపోతుందని మాత్రం వాటిలో లేదు.

తర్వాత ఎప్పుడో, ఆరో వారం అనుకుంటాను, ఒకరోజు వాన వల్ల కారు బయటికి వెళ్ళలేదు. ఉదయమంతా నాకు ఏదో తక్కువైనట్టుండింది. మలుపు దగ్గర ఆలస్యంగా పడే ఆ రెండో గేరు కోసం చెవి ఎదురుచూస్తోందని మధ్యాహ్నానికి గాని తెలుసుకోలేకపోయాను.

*

ఎనిమిదో వారం డాక్టరు నన్ను బల్లమీద కూర్చోబెట్టాడు. మా ఆవిడ గోడ పక్కన నిలబడింది. పాదాన్ని కిందికి నొక్కమన్నాడు, నొక్కాను. బలానికి లోటు లేదు. "ఇప్పుడు కళ్ళు మూసుకోండి. బొటనవేలు పైకెత్తుతున్నానా, కిందికి వంచుతున్నానా, చెప్పండి."

మొదటిది ఊహించాను. రెండోదానికి ఒక చిన్న గలగల వినిపించింది. ఆయన చేతిగడియారం గొలుసు వదులు. వేలు పైకెత్తినప్పుడు అది మణికట్టు మీద జారుతుంది. వంచినప్పుడు జారదు. ఆ తర్వాత నాకు పాదంతో పని లేకపోయింది.

"పైకి... కిందికి... కిందికి... పైకి..."

ఎనిమిదికి ఏడు.

"బ్రహ్మాండం" అన్నాడు డాక్టరు. "నడపండి. దగ్గర దూరాలే. పక్కన ఒకరు ఉండాలి."

కళ్ళు తెరిచేసరికి మా ఆవిడ నా పాదాన్ని కాదు, నా మొహాన్ని చూస్తోంది.

ఆ సాయంత్రం షెడ్డులో తాళం నా చేతిలో పెట్టింది. ఎనిమిది వారాల తర్వాత ఆ సీట్లో కూర్చున్నాను. సీటు ముందుకు జరిపి ఉంది, అద్దం కిందికి వంచి ఉంది. నేను రెండూ సరిచేసుకుంటుంటే పక్కన కూర్చుని అంది:

"గేరు మరీ ఆలస్యంగా మారుస్తున్నానా?"

నేను ఆమెవైపు తిరిగాను. "నాకు తెలుసని నీకెప్పటినుంచి తెలుసు?"

"కదిలించలేదు గదా అని అడగటం మానేసిన రోజునుంచి."

"మరి చెప్పలేదేం?"

"మీరు వింటున్నారని తెలిశాక ఇంకా బాగా నడిపేదాన్ని. చెబితే కిటికీలోంచి పాఠం మొదలెడతారు."

ఇద్దరం నవ్వుకున్నాం. నా సంగతి కూడా చెప్పటానికి అంతకంటే మంచి క్షణం దొరకదు. ఆ క్షణం ఎంతసేపు నిలబడిందో కూడా నాకు గుర్తుంది. తాళం తిప్పాను.

ఆ అయిదారు రోజుల ఆనందాన్ని ఇప్పుడు కాదనలేను. రొట్టెల బట్టీ మీదుగా, మిల్లు గోడ వెంబడి, వంతెన దాకా వెళ్ళి వచ్చేవాళ్ళం. తడి రోడ్డు, కిటికీలోంచి సాయంత్రపు గాలి, మోకాళ్ళ దగ్గర ఇంజను వెచ్చదనం. బతికి వచ్చానని నాకు ఆసుపత్రిలో అనిపించలేదు, అక్కడ అనిపించింది. పాదం యాక్సిలేటరు మీద ఎంత లోతున ఉందో ఇంజను స్వరం చెప్పేది. పాదం ఎత్తితే స్వరం దిగేది. బ్రేకు మీద పడితే ఆ పెడలు స్ప్రింగు కిర్రుమనేది. కాలు చేయలేని పనిని చెవి చేస్తోంది. ఇంద్రియాల మధ్య హద్దులు మనం గీసుకున్నవేనేమో అని ఆ రోజుల్లో ఒక సిద్ధాంతం కూడా అల్లాను. నాలుగు పుస్తకాలు చదివినవాడికి ఉన్న ప్రమాదం అదే, తన తప్పు కూడా తనకు చక్కటి వాక్యంలా కనిపిస్తుంది.

*

ఆ శనివారం మా ఆవిడ బడికి సెలవు పెట్టింది. దిద్దిన జవాబు పేపర్ల కట్ట బడిలో ఇచ్చి రావాలంది. నేను నడిపాను. ఆమె కట్ట ఇచ్చి వచ్చి కూర్చునేసరికి బడి గంట కొట్టారు. కారు కదిలి ఇరవై గజాలు వెళ్ళిందో లేదో వాన అందుకుంది. చినుకులతో మొదలుకాలేదు, బస్తా విప్పి గులకరాళ్ళు గుమ్మరించినట్టు కారు పైకప్పు మీద పడింది.

ఇంజను ఆగిపోయిందనుకున్నాను. అది ఆగలేదు, వినిపించటం ఆగింది.

సంచులు తలమీద పెట్టుకుని పిల్లలు రోడ్డుకు అడ్డంగా పరుగెత్తుతున్నారు. బ్రేకు మీదికి వెళ్ళమని పాదానికి చెప్పాను. అది వెళ్ళిందో లేదో నాకు తెలియలేదు. పైన వాన తప్ప లోకంలో మరో చప్పుడు లేదు. తల వంచి కిందికి చూశాను. నా బూటు యాక్సిలేటరు మీదే ఉంది.

కారు ఒక్క కుదుపుతో ఆగిపోయింది. ఎలా ఆగిందో అర్థం కాలేదు. తర్వాత చూశాను: రెండు సీట్ల మధ్య ఉన్న హ్యాండ్‌బ్రేకును మా ఆవిడ రెండు చేతులతో పైకి లాగి పట్టుకుని ఉంది.

ముందు, బానెట్టుకు రెండు మూరల దూరంలో, ఎర్ర రెయిన్‌కోటు వేసుకున్న ఒక పాప వంగి రోడ్డు మీద పడిపోయిన టిఫిను డబ్బా మూత తీసుకుంటోంది. మూత తీసుకుని, నీళ్ళు దులిపి, లేచి, అద్దంలోంచి లోపలికి చూసింది. మొహం విప్పారింది. "నమస్తే టీచర్!" అని అరిచి పరుగెత్తింది. ఆ మాట మాకు వినిపించలేదు, పెదవులు కదలటం కనిపించింది.

వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి.

"కిందికెందుకు చూశారు?" అంది మా ఆవిడ.

నేను మళ్ళీ కిందికే చూశాను.

"పరీక్షలో పిల్లలు కిందికి చూస్తే ఒళ్ళో చీటీ ఉందని నాకు తెలుస్తుంది. మీ చీటీ ఏమిటి?"

"పాదం. తెలియటం లేదు."

"ఎప్పటినుంచి?"

"మొదటినుంచీ."

"మరి ఆ డాక్టరు దగ్గర?"

"ఆయన గడియారం చప్పుడు విన్నాను."

ఆమె హ్యాండ్‌బ్రేకు మరోసారి గట్టిగా లాగి బిగించింది. తర్వాత తలుపు తీసుకుని వానలోకి దిగి, కారు చుట్టూ తిరిగి వచ్చి నావైపు తలుపు తెరిచింది. "దిగండి."

ఇంటిదాకా ఆమే నడిపింది. మిల్లు గోడ దగ్గర రెండో గేరు ఆలస్యంగా పడింది. ఇంట్లో తల తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా అంది: "ఆ పిల్ల పేరు మీకు తెలియదు. నాకు తెలుసు. సోమవారం హాజరు పిలుస్తాను. ఆ పేరు దగ్గర నా గొంతు ఏమవుతుందో ఆలోచించుకోండి."

మా అక్క విషయం విని కుడుతున్న సూది ఆపింది. మాట్లాడటానికి ఆమె సూది ఆపటం నాకు కొత్త. అంది: "నీకంటే ఆ కారు నయంరా. చెడిపోతే చప్పుడు చేసి చెబుతుంది."

*

డాక్టరుకు నిజం నేనే చెప్పాను. ఆయన కోప్పడలేదు. గడియారం విప్పి బల్లమీద పెట్టి మళ్ళీ పరీక్ష చేశాడు. ఎనిమిదికి మూడు.

"నరం మళ్ళీ పెరగాలంటే, అదృష్టం బాగుంటే రోజుకో మిల్లీమీటరు" అన్నాడు. "అంతా పెరగనక్కరలేదు. కొంత భాగం నిద్రపోయి ఉంటుంది, లేపాలి. కళ్ళు మూసుకుని గరుకుదేదో నున్నదేదో పోల్చుకోవటం పాదానికి నేర్పండి. పసిపిల్లకు నేర్పినట్టు."

ఇంటికి వచ్చి ఉద్యోగపు ఉక్కు టేపుతో నడుమునుంచి పాదందాకా కొలుచుకున్నాను. వెయ్యీ నలభై మిల్లీమీటర్లు. మూడేళ్ళకు కొంచెం తక్కువ. నా జీవితంలో ఏ కొలతా నాకు అంత నిజాయితీగా కనిపించలేదు.

"కారు అమ్మేద్దామా?" అని అడిగాను ఆ రాత్రి భోజనాల దగ్గర.

"ఎందుకు? నేను బడికి వెళ్ళొద్దా?" అంది మా ఆవిడ. వారం తర్వాత ఆమె నాతో అన్న మొదటి పెద్ద వాక్యం అది. కాస్త ఆగి, "ఆదివారం మేస్త్రి ఆవరణలో అతను తప్ప ఎవరూ ఉండరు. అక్కడ పరీక్ష పెడతాను. నేను పెడతాను, డాక్టరు కాదు" అంది.

మేస్త్రి షెడ్డు వెనక నాలుగు గోడల ఖాళీ స్థలం ఉండేది. విరిగిన బస్సు సీట్లు, నూనె మరకల నేల, తుప్పు రేకుల మధ్య మొలిచిన గడ్డి. కారును మధ్యలో నిలిపి, ఇంజను ఆపి, నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టింది.

"ఇందులో గడియారం ఎక్కడుందో ముందే చెప్పండి."

"బ్రేకు పెడలు కిర్రుమంటుంది. నాకు తెలిసిపోతుంది."

చేతిసంచిలోంచి దూది తీసి నా రెండు చెవుల్లోనూ కుక్కింది. కళ్ళకు తువ్వాలు కట్టింది. తెరిచిన తలుపు దగ్గర నేలమీద కూర్చుని నా కుడిపాదం పట్టుకుంది. నేను ఉలిక్కిపడి కాలు వెనక్కి తీసుకోబోయాను.

"నువ్వు నా కాళ్ళు పట్టుకోవటమేమిటి?"

"పట్టుకుంటే గాని నిజం చెప్పేట్టు లేరు గదా!" ఈ మాట దూదిలోంచి కూడా వినపడేంత గట్టిగా అంది. వెనక మేస్త్రి నవ్వు కూడా వినపడింది.

ఆ కారులో బ్రేకుకూ యాక్సిలేటరుకూ మధ్య రెండు వేళ్ళ ఎడమే. మడమ ఒకేచోట ఉంచి, పాదాన్ని మాత్రం తిప్పి ఏదో ఒక పెడలు మీద ఆనించేది. మోకాలి మీద తడితే నేను చెప్పాలి, బ్రేకో యాక్సిలేటరో. పదిసార్లు.

మొదటి ఆదివారం నాలుగు. నోటుపుస్తకం వెనక అట్టమీద రాసుకుంది.

"పాస్ మార్కు ఎంత?" అన్నాను.

"మా బళ్ళో నూటికి ముప్పై అయిదు. మీకు పదికి పది."

"ఇది మరీ అన్యాయం అమ్మగారూ" అన్నాడు మేస్త్రి. "సార్‌కి చేత్తో బ్రేకు వేసే కడ్డీ నేను అమరుస్తానుగా."

"ముందు కాలి సంగతి తేలనీ. తర్వాత మీ కడ్డీ."

అయిదు. మళ్ళీ అయిదు. ఆరు. నాలుగు. ఆ నాలుగు వచ్చిన రోజు నేను ఇంటికి వస్తూ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. వారమంతా ఇంట్లో కళ్ళు మూసుకుని పాదం కింద గోనెపట్టా, చాప, తడిగుడ్డ, కాగితం పోల్చుకునేవాణ్ణి. మా అక్క వెళ్ళిపోతూ తన పాత ఉన్ని శాలువ కూడా ఆ జాబితాలో వేసి వెళ్ళింది. మా ఆవిడ ప్రతి ఉదయం కారు తీసుకుని బడికి వెళ్ళేది. నేను కిటికీ దగ్గర నిలబడి, రొట్టెల బట్టీ దాటేదాకా వినేవాణ్ణి. అవి మా ఇంట్లో గడిచిన మంచి రోజుల్లో కొన్ని అని అప్పుడు ఎవరైనా చెబితే నమ్మి ఉండను. ఏడు. ఏడు. ఎనిమిది.

వానలు వెనక్కి తగ్గిన తర్వాత వచ్చిన ఆదివారం. గడ్డి పసుపురంగుకు తిరిగింది. ఎండకు తుప్పు రేకులు చిటచిటమంటున్నాయి. ఆమె పాదం తిప్పింది, తట్టింది; నేను చెప్పాను. పదోసారి తర్వాత తువ్వాలు విప్పింది. మొహం చూసి తెలుసుకున్నాను.

"పది" అంది.

"అమ్మయ్య!" అన్నాడు మేస్త్రి. "ఇక తాళం ఇచ్చెయ్యండమ్మగారూ. ఆదివారం ఆదివారం సార్ మొహం చూడలేక చస్తున్నా."

ఆమె తాళం ఇచ్చింది. తీసుకుని, దూది తీసి, తాళం స్టీరింగు పక్కన పెట్టాను. తిప్పటమే మిగిలింది. చెయ్యి అక్కడే ఉంది.

"ఏడోది ఊహించాను" అన్నాను.

మేస్త్రి నుదురు కొట్టుకున్నాడు. "ఎవరడిగారు సార్ మిమ్మల్ని?"

మా ఆవిడ కలం మూత తీసి, పది కొట్టేసి, పక్కన తొమ్మిది వేసింది. పుస్తకం మూయబోయి ఆగింది.

"ఊహించానని ఎలా తెలిసింది?"

"పాదం ఏమీ చెప్పలేదు. బ్రేకు అయి ఉంటుందిలే అనుకున్నాను."

"మరి మిగతా తొమ్మిదీ?"

ఆలోచించవలసి వచ్చింది. "మిగతావి... తెలిశాయి."

"మొదటి ఆదివారం నాలుగు వచ్చాయి గదా. వాటిలో ఏవి తెలిసి చెప్పారు, ఏవి ఊహించారు?"

"అప్పుడా? అప్పుడు నాకు తేడా తెలియదు. అన్నీ ఒకలాగే ఉండేవి."

ఆ మాట నా నోటినుంచి బయటికి వచ్చాకనే నాకు వినిపించింది. ఆమె కలం మూత పెట్టింది. లేచి, చీర కుచ్చిళ్ళకు అంటిన మట్టి దులుపుకుని, కారు ముందునుంచి తిరిగి వచ్చి పక్కసీట్లో కూర్చుంది. చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీద వేసింది.

"ఈ గోడనుంచి ఆ గోడదాకా. మొదటి గేరు. తెలియకపోతే?"

"తెలియటం లేదని చెబుతాను."

"మనసులో కాదు. గట్టిగా."

"గట్టిగానే చెబుతాను."

"అయితే దూది పెట్టుకోండి."

పెట్టుకున్నాను. తాళం తిప్పాను. ఇంజను అందుకోవటం నాకు వినపడలేదు. చేతుల్లో స్టీరింగు వణికింది. హ్యాండ్‌బ్రేకు కిందికి దిగింది. కుడిపాదం కింద, ఎక్కడో చాలా దూరాన, నాలుగు దుప్పట్ల అవతల ఎవరో చెయ్యి ఆనించినట్టు, ఏదో నా బరువుకు ఎదురు నిలబడింది.

"ఉంది" అన్నాను.

ఎడమకాలితో క్లచ్చు మెల్లగా వదిలాను. ఎదురుగా ఉన్న గోడ, నాచు మరకలతో, చప్పుడు లేకుండా మావైపు రావటం మొదలుపెట్టింది. నేను కిందికి చూడలేదు. సగం దూరం వచ్చాక "బ్రేకు" అని గట్టిగా చెప్పి, పాదం తిప్పి, నొక్కాను. దుప్పట్ల అవతల ఆ చెయ్యి మళ్ళీ తగిలింది. గోడ ఆగింది.

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీటను పట్టుకునే ఉంది. లాగలేదు.